ఎవరు రాకపోయినా ఆగని ఆట: విశాఖలో పాత పద్ధతి ఫాంటసీ క్యాంపెయిన్ నడపడం ఎలా

బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, మాటలతోనే ఒక కల్పిత లోకంలో తిరిగే ఫాంటసీ పాత్రల ఆటను విశాఖపట్నంలో రిఫరీగా, అంటే లోకాన్ని వర్ణించి ఫలితాలు చెప్పే మనిషిగా, నడపదలచినవారు ముందుగా ఒక విషయాన్ని అంగీకరించాలి. అవే ఐదు ముఖాలు ప్రతి ఆదివారం ఒకే సమయానికి ఒకచోట చేరడం ఈ ఊరిలో కష్టం. ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారికి షిఫ్టులు మారుతూ ఉంటాయి. నౌకాదళంలో ఉన్నవారు ఓడతోపాటు వెళ్లిపోతారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టళ్లలో ఉండేవారు సంక్రాంతి దగ్గర పడగానే శ్రీకాకుళానికో పార్వతీపురానికో బయలుదేరతారు. ముందే అల్లిపెట్టుకున్న కథను ఇలాంటి చోట నడపబోతే, ముఖ్యపాత్ర వేస్తున్న మనిషి రాని రోజున ఆట కూడా ఆగిపోతుంది. పాత పద్ధతి క్యాంపెయిన్‌లో, అంటే వారం వారం ఒకే లోకంలో సాగే ఆటల వరసలో, కొనసాగేది లోకం. ఎవరు వస్తే వారు ఆ పూట ఆడతారు, రానివారి పాత్రలు ఊరిలోనే ఉండిపోతాయి, లోకంలో రోజులు మాత్రం గడుస్తూనే ఉంటాయి. ఇక్కడ చెప్పబోయే పద్ధతులన్నీ ఈ ఒక్క సూత్రం నుంచి పుట్టినవే.

ఇది కొత్తగా కనిపెట్టిన ఉపాయం కాదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఇలాంటి ఆట 1974లో వెలువడింది. అంతకుముందే అమెరికాలో, మిన్నెసోటాలో ఆర్నెసన్ నడిపిన బ్లాక్‌మూర్ అనే క్యాంపెయిన్‌లోనూ, లేక్ జెనీవా ఊరిలో గైగాక్స్ నడిపిన గ్రేహాక్‌లోనూ ఆటగాళ్లు వస్తూ పోతూ ఉండేవారు. ఎప్పుడు ఆడాలో, ఎవరెవరు కలిసి వెళ్లాలో, ఎక్కడికి వెళ్లాలో ఆటగాళ్లే నిర్ణయించుకునే వెస్ట్ మార్చెస్ అనే పద్ధతిని బెన్ రాబిన్స్ 2007లో వివరంగా రాశారు. మన ఊరికి సరిపోయే నమూనా అదేనని నా అభిప్రాయం.

నియమాలు, సామగ్రి

నియమావళి ఎంపిక మీద వారాల తరబడి చర్చించవద్దు. క్రిస్ గోనర్‌మన్ రూపొందించిన బేసిక్ ఫాంటసీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, దాన్ని ప్రింటు తీసుకుని పంచుకోవడానికి అనుమతి కూడా ఉంది. డబ్బు పెట్టగలిగితే 1981 నాటి డన్‌జన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్, ఎక్స్‌పర్ట్ నియమాలను చక్కగా పేర్చి ఇచ్చిన ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ తీసుకోవచ్చు, ఎందుకంటే ఆట మధ్యలో కావలసిన పట్టిక వెతుక్కోవడం అందులో తేలిక. ఏది తీసుకున్నా, ఆటగాళ్లకు అవసరమైన భాగాన్ని రెండు పుటల్లో తెలుగులో రాసి జెరాక్స్ తీయించి అందరికీ ఇవ్వండి. మొత్తం పుస్తకం చదివితేనే ఆడనిస్తామంటే కొత్తవారు రారు.

నాలుగు ముఖాల నుంచి ఇరవై ముఖాల వరకు ఉండే పాచికల సెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, ఇద్దరికి ఒక సెట్టు సరిపోతుంది. అవి వచ్చేలోగా 1 నుంచి 20 వరకు అంకెలు రాసిన చీటీలను డబ్బాలో వేసి, తీసిన చీటీని ప్రతిసారీ తిరిగి డబ్బాలో వేస్తూ ఆడవచ్చు. అష్టాచెమ్మా గవ్వలు మాత్రం వాడకండి, వాటిలో అన్ని అంకెలూ పడే అవకాశం సమానంగా ఉండదు. పటాలకు చిన్నపిల్లల లెక్కల నోటు పుస్తకంలోని గడుల కాగితం గ్రాఫ్ కాగితం కన్నా కళ్లకు హాయిగా ఉంటుంది. ఒక గడిని పది అడుగులుగా లెక్కించండి.

వీటికి తోడుగా గోడకు వేలాడదీసే తెలుగు క్యాలెండర్ ఒకటి తప్పనిసరిగా పెట్టుకోండి. కాలాన్ని లెక్కగట్టని క్యాంపెయిన్‌లో పైన చెప్పిన సూత్రం పనిచేయదు. మన జీవితంలో ఒక రోజు గడిస్తే ఆట లోకంలోనూ ఒక రోజు గడిచిందని నియమం పెట్టుకుంటే లెక్క సులువవుతుంది. గాయపడిన పాత్ర కోలుకోవడానికి పది రోజులు కావాలంటే, ఆ మనిషి వచ్చే ఆదివారం అదే పాత్రతో ఆడలేరు, రెండో పాత్రను తీసుకోవాలి. మన క్యాలెండర్‌లో తిథులు కూడా ఉంటాయి గనుక, అడవిలో రాత్రి బస చేసిన బృందానికి ఆ రోజు వెన్నెల ఉందో లేదో మీరు ఊహించి చెప్పవలసిన పని ఉండదు. అమావాస్య రాత్రి కాగడా లేకుండా ఎవరూ కదలలేరు. పౌర్ణమినాడు దూరం నుంచే శత్రువు కనబడతాడు, శత్రువుకు మీరూ కనబడతారు. ఆషాఢ, శ్రావణాల్లో వాగులు పొంగుతాయి కాబట్టి ప్రయాణ దూరం సగానికి తగ్గించండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ తీరాన్ని తాకిన సంగతి ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. మీ లోకపు క్యాలెండర్‌లో కూడా ఆ నెలలో ఒక తుపాను రాసి ఉంచితే, రేవుకు పడవలు రాక సరుకుల ధరలు పెరగడం, కొండచరియ జారి కొత్త గుహద్వారం బయటపడడం వంటివి వాటంతటవే పుడతాయి.

లోకాన్ని ఎంత చిన్నగా మొదలుపెడితే అంత మంచిది

ఒక ఊరు, ఒక నేలమాళిగ, వాటి చుట్టూ కొన్ని షడ్భుజి గడుల ప్రదేశం ఉంటే మొదటి పూటకు చాలు. ఒక్కో గడి ఆరు మైళ్లు, అంటే సుమారు పది కిలోమీటర్లు. రాజవంశాల చరిత్ర, దేవతల పుట్టుక, ఖండాల పటం మొదలైనవాటిని ఇప్పుడు రాయకండి, వాటిని ఆటగాళ్లు చూడరు.

భూమి స్వరూపం కోసం ఎక్కడికో పోనవసరం లేదు. ఒకవైపు సముద్రం, మరోవైపు తూర్పు కనుమలు, మధ్యలో ఎర్రమట్టి దిబ్బలు, తాటితోపులు, వాగులు ఉన్న ఈ తీరం సాహసాలకు సిద్ధంగా ఉన్న పటమే. మూడు కొండల కింద ఒదిగిన పాత రేవు పట్నాన్ని మీ ఊరుగా తీసుకోండి. కైలాసగిరి మీద నుంచి చూసినప్పుడు తీరం ఎలా వంపు తిరుగుతుందో గుర్తుచేసుకుని పటం గీయండి. భీమిలి తరహాలో పాత డచ్చి సమాధులున్న చిన్న రేవు ఒకరోజు ప్రయాణ దూరంలో ఉండవచ్చు. అనంతగిరి కొండల్లో సున్నపురాయిని నీరు తొలిచి చేసిన బొర్రా గుహల వంటి చోటు మూడునాలుగు రోజుల ప్రయాణంలో ఉండాలి, ఎందుకంటే అది అనుభవం గడించిన పాత్రలు వెళ్లవలసిన చోటు. ఆటగాళ్లు ఈ దారులన్నీ స్వయంగా తిరిగినవారే గనుక, కొండ ఎక్కితే గాలి ఎటు వీస్తుందో మీరు వివరించకుండానే వారికి తెలుస్తుంది.

అయితే ఒక హద్దు పాటించండి. నిత్యపూజలు జరిగే ఆలయాన్ని గానీ, దర్గాను గానీ, చర్చిని గానీ రాక్షసుల స్థావరంగా మార్చకండి, ఆటలోని పూజారి పాత్రకు మీరు కల్పించిన దేవతనే ఇవ్వండి. మీ బల్ల దగ్గర కూర్చునేవారిలో సింహాచలం మెట్లు మొక్కుగా ఎక్కినవారు ఉంటారు, వారి మనసు నొచ్చుకునే ఆట ఎంత బాగున్నా నిలవదు.

భూతాలను కొత్తగా తయారు చేయడం కన్నా నియమావళిలోని అంకెలను అలాగే ఉంచి రూపం మార్చడం మేలు. జాంబీ లెక్కలున్న చోట శవంలో దూరిన బేతాళాన్ని పెట్టండి. తాకితే ఒళ్లు కొయ్యబారేలా చేసే ఘూల్ మన శ్మశానపు పిశాచంగా చక్కగా ఇముడుతుంది. శాపగ్రస్తుడైన పండితుడు బ్రహ్మరాక్షసుడై పాడుబడిన బావి దగ్గర కూర్చున్నాడంటే, అతని మీద కత్తి దూయవచ్చని తెలుగు ఆటగాళ్లు వెంటనే అనుకోరు, ముందు మాట్లాడి చూస్తారు. ఈ ఆటకు కావలసిన మనఃస్థితి సరిగ్గా అదే.

నేలమాళిగను తయారు చేయడం

తొట్లకొండను ఒకసారి వెళ్లి చూసి రండి. భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పక్కన, సముద్రమట్టానికి సుమారు 128 మీటర్ల ఎత్తున ఉన్న ఆ బౌద్ధ క్షేత్రంలో 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిగాయి. స్తూపాలు, భిక్షువుల గదుల వరసలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు అక్కడ కనబడతాయి. శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు కూడా ఆ తవ్వకాల్లో దొరికాయి. ఆ రాళ్లను తాకకుండా, గీయకుండా, నడిచి చూసి రావడమే మీ పని. ఇంటికి వచ్చాక ఒక ప్రశ్న వేసుకోండి: ఈ తొట్లలో ఒకదాని అడుగున కిందికి మెట్లు ఉంటే, ఆ నాణేలు తెచ్చిన వర్తకులు మిగిలిన సొమ్మును ఎక్కడ దాచి ఉంటారు? దాని జవాబే మీ మొదటి అంతస్తు.

మొదటి అంతస్తులో ఇరవై నుంచి ముప్ఫై గదులు గీయండి. ఒక్కో గదికి ఆరు ముఖాల పాచిక వేసి, 1 లేదా 2 పడితే భూతం, 3 పడితే ఉచ్చు, 4 పడితే ఏదైనా వింత, 5 లేదా 6 పడితే ఖాళీ అని రాసుకోండి. మూడో వంతు గదులు ఖాళీగా ఉండడం చూసి కంగారు పడకండి. ఆటగాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి, తలుపు వేసుకుని దాక్కోవడానికి, వెనక్కి తగ్గడానికి ఆ ఖాళీ గదులే పనికివస్తాయి. కిందికి దిగే దారులు కనీసం రెండు ఉండాలి. ఒక చోట నుంచి బయలుదేరి వేరే దారిలో అక్కడికే తిరిగి రాగలిగేలా నడవాలు కలవాలి. ఒకే దారి ఉన్న నేలమాళిగలో ఆటగాళ్లు నిర్ణయించుకోవడానికి ఏమీ మిగలదు.

లోపల ఒకరంటే ఒకరికి పడని రెండు వర్గాలను పెట్టండి. ఉదాహరణకు, తొట్లలో నీటిని ఆక్రమించిన నాగులు, పై గదుల్లో తలదాచుకున్న దారిదోపిడీ ముఠా ఉన్నాయనుకుందాం. ముఠాకు నీళ్లు కావాలి, నాగులకు పగటి వెలుతురులోకి వెళ్లి పని చేసిపెట్టే మనుషులు కావాలి. ఇంతమాత్రం రాసుకుంటే, ఆటగాళ్లు ఎవరి పక్షం వహించినా మీరు తడుముకోవలసిన అవసరం రాదు.

సొమ్ము పెట్టడంలో లెక్క ముఖ్యం. పాత నియమాల్లో బయటికి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక అనుభవ పాయింటు వస్తుంది, చంపినందుకు వచ్చేది దానితో పోలిస్తే చాలా తక్కువ. ఆ పాయింట్లు పోగయ్యే కొద్దీ పాత్ర బలపడుతూ పై లెవెల్‌కు వెళుతుంది. రెండో లెవెల్‌కు చేరాలంటే యోధుడికి 2000, దొంగకు 1200, మాంత్రికుడికి 2500 పాయింట్లు కావాలి. ఆరుగురు యోధులనుకుంటే 12,000 నాణేల విలువైన సొమ్ము మొదటి అంతస్తులో ఉండాలి. కొంత ఎన్నటికీ దొరకదు కాబట్టి ఇంకొంచెం ఎక్కువే పెట్టండి. బేసిక్ ఫాంటసీలో సొమ్ముకు పాయింట్లు ఇవ్వడం ఐచ్ఛికంగా మాత్రమే ఉంది, దాన్ని తప్పకుండా చేర్చుకోండి. ఆ ఒక్క నియమం వల్ల ఆటగాళ్లు పోరు తప్పించుకుని సొమ్ము తేవడానికి దారులు వెతుకుతారు, ఆట తీరంతా దానితో మారిపోతుంది.

బల్ల దగ్గర

పాత్రల తయారీకి పావుగంట మించకూడదు. మూడు ఆరు ముఖాల పాచికలను ఆరుసార్లు వేయించి, వచ్చిన మొత్తాలను బలం, తెలివి వంటి ఆరు గుణాలకు వచ్చిన వరసలోనే రాయించండి, ఆ అంకెలకు ఏ వృత్తి నప్పుతుందో అప్పుడు చూసుకుంటారు. మళ్లీ మూడు పాచికలు వేసి పదితో గుణిస్తే చేతిలో ఉన్న బంగారు నాణేల సంఖ్య వస్తుంది. ఆ డబ్బుతో తాడు, కాగడాలు, పొడవాటి కర్ర, వీలైతే ఒక కిరాయి బంటును కొనుక్కోమని చెప్పండి. పాత్ర పూర్వజీవితం గురించి పుటలు రాయించకండి, నాలుగైదు సాహసాలు దాటి బతికిన పాత్రకు చరిత్ర దానంతట అదే ఏర్పడుతుంది.

లోపలికి దిగిన తరువాత కాలాన్ని పది నిమిషాల వంతులుగా కొలవండి. ఒక కాగడా ఆరు వంతులు వెలుగుతుంది, లాంతరులో ఒకసారి పోసిన నూనె ఇరవై నాలుగు వంతులు వస్తుంది. ప్రతి ఆరు వంతుల్లో ఒకటి విశ్రాంతికి పోతుంది. రెండు వంతులకు ఒకసారి మీరు ఆరు ముఖాల పాచిక వేసి, 1 పడితే తిరుగాడే జీవి ఏదో ఎదురైనట్లు లెక్క. గంటలో మూడుసార్లు వేస్తారు గనుక, ఆ గంటలో కనీసం ఒకసారి ఏదో ఎదురయ్యే అవకాశం నూటికి 42. బరువైన కవచాలు, మూటలు మోస్తున్న బృందం ఒక వంతులో 60 అడుగులే నడవగలదు, అంటే ఒక కాగడా వెలుతురులో 300 అడుగులు. ఈ అంకెలను ఆటగాళ్ల ముందు దాచకండి. గడిచిన ప్రతి వంతుకూ కాగితం మీద ఒక గీత అందరికీ కనబడేలా గీస్తూ ఉంటే, ఈ గోడను ఇంకా వెతకాలా, ముందుకు సాగాలా అన్న వాదన వారిలో వారికే పుడుతుంది.

ఈ పద్ధతిలో అతి ముఖ్యమైన నైపుణ్యం వినడం. ఆటగాడు ఏం చేస్తున్నాడో మాటల్లో చెప్పాలి, మీరు దాని ఫలితం చెప్పాలి, ఫలితం నిజంగా సందేహంగా ఉన్నప్పుడే పాచిక వేయాలి. ఉచ్చు ఉన్న నడవాలో ఆటగాడికీ మీకూ మధ్య సంభాషణ ఇలా సాగవచ్చు:

"అక్కా, చెంబులో నీళ్లు కొంచెం నేల మీద పోస్తాను. ఎటు పారుతున్నాయి?"

"రెండడుగులు పారి, పలకల మధ్య సందులోకి ఇంకిపోయాయి. పక్క పలకల దగ్గర అలా ఇంకడం లేదు."

"అయితే ఆ పలక కింద గుంట ఉంది. గోడ వారగా కర్ర ఆనించుకుని దాటుతాం."

ఇక్కడ పాచిక అక్కరలేదు. ఆటగాడు ఆలోచించాడు, ఆ ఆలోచన సరైనది, దాటేశారు. ఇది జరగాలంటే మీ వర్ణనలో ఆధారం ఉండాలి. నేల పలకలు పరిచి ఉందనీ, ఒకచోట దుమ్ము తక్కువగా ఉందనీ మీరు ముందుగా చెప్పకపోతే నీళ్లు పోయాలన్న ఆలోచన ఎవరికీ రాదు. సందేహం వస్తే సమాచారం ఎక్కువే ఇవ్వండి. తెలిసి తీసుకున్న నిర్ణయం వల్ల పాత్ర చనిపోతే ఆటగాడు తట్టుకుంటాడు, తెలియనివ్వకుండా చంపితే మళ్లీ రాడు.

ఏదైనా జీవి ఎదురైనప్పుడు దాని ఉద్దేశం ముందే తెలిసిపోకపోతే, రెండు ఆరు ముఖాల పాచికలు వేసి, వాటి మొత్తాన్ని బట్టి స్పందన చూడండి. 2 పడితే వెంటనే దాడి, 3 నుంచి 5 వరకు శత్రుభావం, 6 నుంచి 8 వరకు తేల్చుకోలేని స్థితి, 9 నుంచి 11 వరకు పట్టించుకోకపోవడం, 12 పడితే స్నేహం. కూడి చూస్తే, ఏదైనా ఎదురుపడిన పదిసార్లలో ఏడుసార్లు పోరుతో మొదలు కాదు. కొత్త రిఫరీలు ఎక్కువగా వదిలేసేది ఈ పట్టికనే, నా దృష్టిలో ఇంతకన్నా విలువైన పట్టిక నియమావళిలో మరొకటి లేదు. దీనికి జతగా ధైర్యపరీక్ష ఉంది. శత్రువుల్లో మొదటివాడు పడినప్పుడు, సగం మంది పడినప్పుడు రెండు పాచికలు వేసి, నియమావళిలో వారికి ఇచ్చిన ధైర్యం అంకెను మించి పడితే వారు పారిపోతారు లేదా లొంగిపోతారు. ప్రాణం మీది తీపి భూతాలకు కూడా ఉంటుందని గుర్తుంచుకుంటే పోరాటాలు త్వరగా ముగుస్తాయి. పట్టుబడిన బందీ లోపలి పటం గురించి ఎంతో కొంత చెబుతాడు.

పాచికలను అందరి ముందే వేయండి. పడిన అంకెను ఎవరి కోసమూ మార్చకండి. మొదటి లెవెల్ పాత్రలు చనిపోతాయి, అది ఈ ఆట స్వభావం. చనిపోయిన పాత్ర ఆటగాడు పావుగంటలో కొత్త పాత్ర రాసుకుని, తరువాతి గదిలో బందీగానో దారి తప్పిన బాటసారిగానో చేరిపోవాలి. అప్పటివరకు కిరాయి బంటును అతని చేతికి ఇవ్వండి.

పూట ముగింపు, మధ్య రోజులు

ప్రతి పూట ఊరిలో మొదలై ఊరిలోనే ముగియాలి. ఈ నియమాన్ని సడలించకండి. నేలమాళిగ మధ్యలో ఆపేస్తే, తరువాతి వారం అదే మనుషులు రావలసి వస్తుంది, మొదట చెప్పిన చిక్కు తిరిగి మొదలవుతుంది. మూడు గంటల ఆటలో చివరి అరగంట వెనక్కి రావడానికే ఉంచండి. గాజువాకకో మధురవాడకో చివరి సిటీ బస్సు అందుకోవలసినవారు ఎలాగూ గడియారం చూస్తూనే ఉంటారు. సమయం మించినా లోపలే ఉండిపోయిన పాత్రలకు ముందే ప్రకటించిన పట్టిక మీద పాచిక వేయండి. కొందరు క్షేమంగా వస్తారు, కొందరు సామాను పోగొట్టుకుంటారు, కొందరు బందీలవుతారు. బందీలను విడిపించడం తరువాతి బృందానికి ఒక పనిగా మారుతుంది.

సొమ్మును పంచాక పాయింట్లు లెక్కగట్టండి. కిరాయి బంట్లకు సగం వాటా పాయింట్లు చాలు.

మధ్య రోజులకు వాట్సాప్ గ్రూపు ఒకటి సరిపోతుంది. వచ్చే ఆదివారం ఎవరెవరు వస్తున్నారో, ఎక్కడికి వెళ్లదలచారో గురువారం రాత్రిలోగా ఆటగాళ్లే తేల్చి చెప్పాలి, అప్పుడు మీరు ఆ ఒక్క ప్రదేశాన్నే సిద్ధం చేసుకుంటారు. ఆడి వచ్చినవారిలో ఒకరు జరిగినదంతా పాత్ర గొంతుతో నాలుగు వాక్యాల్లో రాసి పెడితే, ఆ పూట రాలేని సి షిఫ్టు ఆటగాడికి కబురు అందుతుంది, వచ్చేసారి తనకూ ఒక ఉద్దేశం ఏర్పడుతుంది. మీరు మాత్రం క్యాలెండర్ ముందు కూర్చుని, ఈ వారం ఖాళీ అయిన గదుల్లోకి ఎవరు చేరారో, రెండు వర్గాలు ఏం చేశాయో, రేవులో కొత్త పుకారు ఏమి పుట్టిందో రాసుకోండి. ఆరు పుకార్లలో రెండు అబద్ధాలు ఉండవచ్చు, ప్రాణం తీసే అబద్ధం మాత్రం వద్దు.

పాత్రలు తొమ్మిదో లెవెల్‌కు చేరే నాటికి యోధులు ప్రభువుల బిరుదు పొంది తమ భూములను ఏలుకోగలుగుతారు, అప్పటికి మీ పటంలోని ఖాళీ గడులు వారి పేర్లతో నిండుతాయి. అది రావడానికి ఏళ్లు పట్టవచ్చు, ఈలోగా బదిలీ మీకే రావచ్చు. అందుకని మొదటి నెల నుంచే మరొకరిని రెండో రిఫరీగా తయారు చేసుకోండి. పటాలు, గదుల వివరాలు, క్యాలెండర్, పుకార్ల జాబితా, పాత్రల కాగితాలు ఒకే ఫైలులో ఉంచండి. మీ మనసులో మాత్రమే ఉన్న రహస్యాలను కూడా రాసి, అంటించిన కవరులో అదే ఫైలులో పెట్టండి. రెండో రిఫరీ తన పాత్రను ఊరిలోనే ఉంచి, నెలకు ఒక పూట మీ బదులు నడపాలి. ఆ పూట మీరు ఆటగాడిగా కూర్చోండి, ఆయన నడపబోయే ప్రదేశాన్ని మాత్రం మీరు ముందుగా చదవకండి.